కూర్చోలేనివారికీ సంఘంలో చోటుండాలి

ధ్యాన శిబిరాలకు వెళ్ళేవారు ఎవరు? కరపత్రాలలో బొమ్మలను చూస్తే నిటారైన వెన్నుతో, పద్మాసనంలో, చిరునవ్వుతో కూర్చున్న యువతీయువకులు కనిపిస్తారు. వైద్యుణ్ణి అడిగితే వేరే జవాబు వస్తుంది. ఆ హాలులో మధుమేహ వ్యాధిగ్రస్థులు ఉంటారు. మోకాళ్ళు అరిగినవారు ఉంటారు. భర్త పోయి ఏడాది తిరగని స్త్రీలు, నిద్ర పట్టక మాత్రలు మింగేవారు, మనోవ్యాధికి ఏళ్ళ తరబడి చికిత్స పొందుతున్నవారు ఉంటారు. ఏదో ఒక బాధ ఉన్నందువలననే చాలామంది అక్కడకు చేరుకొంటారు. బుద్ధుడు బోధించిన మొదటి సత్యం దుఃఖమే గదా!

అందుచేత ఒక బౌద్ధ ధ్యాన సంఘం మంచిచెడ్డలను తెలుసుకొనడానికి నాకు తోచిన కొలమానం ఒకటున్నది. అందులో ఎందరు ఎన్ని గంటలు కదలకుండా కూర్చోగలరో లెక్కించనక్కర లేదు. కూర్చోలేని మనిషిని ఆ సంఘం ఎట్లా చూసుకొంటున్నదో గమనిస్తే చాలును. తోటివారి సంరక్షణ సాధనకు వెలుపలి పని కాదనీ, అదికూడా సాధనేననీ నా అభిప్రాయం. ఇందుకు బౌద్ధ గ్రంథాలలోనే ఆధారాలున్నాయి. వైద్యశాస్త్రం చెప్పే కారణాలూ ఉన్నాయి.

ఎవరికీ పనికిరాని భిక్షువు

వినయపిటకంలోని మహావగ్గంలో ఒక వృత్తాంతం కలదు. ఒక భిక్షువు విరేచనాల వ్యాధితో తన మలమూత్రాలలోనే పడి ఉన్నాడు. ఆనందునితో కలిసి విహారంలోని గదులను చూస్తూ వచ్చిన బుద్ధుడు అతనిని చూశాడు. నీకు సేవ చేసేవారు లేరా అని అడిగితే లేరన్నాడు. ఎందుకు లేరని అడిగితే ఆ రోగి చెప్పిన కారణం ఆలోచింపదగినది: తాను భిక్షువులకు ఏ పనీ చేసి పెట్టడం లేదు, అందువలన వారు తనను పట్టించుకోవడం లేదు.

బుద్ధుడు ఆనందుని చేత నీళ్ళు తెప్పించాడు. తాను నీళ్ళు పోస్తుండగా ఆనందుడు రోగిని కడిగాడు. ఒకరు తల వైపు, ఒకరు కాళ్ళ వైపు పట్టుకొని మంచం మీద పడుకోబెట్టారు. ఆ తరువాత భిక్షువులను సమావేశపరచి, ఇల్లు విడిచి వచ్చిన మీకు తల్లిదండ్రులు దగ్గర లేరు, మీకు మీరు సేవ చేసుకొనకపోతే ఎవరు చేస్తారని ప్రశ్నించాడు. తనకు సేవ చేయదలచినవారు రోగికి సేవ చేయాలని చెప్పాడు. అక్కడితో ఊరుకోలేదు. రోగికి గురువుంటే గురువు, శిష్యుడుంటే శిష్యుడు, ఎవరూ లేకపోతే సంఘమంతా ఆ బాధ్యత వహించాలని నియమం పెట్టాడు. ఆ పని చేయకపోవడం దోషమని నిర్ణయించాడు. మరణించిన భిక్షువు పాత్రను, చీవరాలను సేవ చేసినవారికి ఇవ్వడానికి సంఘానికి అనుమతి కూడా ఆ తరువాతి భాగంలోనే ఉన్నది.

ఆ సందర్భంలోనే మంచి రోగికి, మంచి సేవకునికి ఐదేసి లక్షణాలు చెప్పబడ్డాయి. తనకు సరిపడని వాటిని మానుకొనడం, సరిపడిన వాటిలోనూ మితం తెలియడం, మందు వేసుకొనడం, వ్యాధి పెరిగినదీ తగ్గినదీ సేవకునికి ఉన్నదున్నట్లు చెప్పడం, నొప్పిని ఓర్చుకొనడం రోగి లక్షణాలు. మందు తయారు చేయగలగడం, పథ్యాపథ్యాలు తెలియడం, లాభాపేక్ష లేకుండా మైత్రితో సేవ చేయడం, మలమూత్రాలకూ, వాంతికీ, ఉమ్మికీ అసహ్యపడకపోవడం, సమయానికి తగిన ధర్మవాక్యాలతో ఉత్సాహపరచడం సేవకుని లక్షణాలు. నర్సింగు విద్యార్థులకు నేటికీ ఈ జాబితాను అట్లే బోధించవచ్చును.

ఈ వృత్తాంతంలో రోగి చెప్పిన కారణం వద్దనే మనం కొంతసేపు ఆగాలి. ఆ భిక్షువులు క్రూరులని గ్రంథం చెప్పలేదు. ఉపయోగపడే మనిషిని సంఘం గమనిస్తుంది, ఉపయోగపడని మనిషి మెల్లగా కనుమరుగవుతాడు. కుటుంబాలలోనూ, కార్యాలయాలలోనూ జరిగేది ఇదే. ధ్యానం చేసేవారి మధ్యన కూడా ఇది జరుగుతుందని రెండున్నర వేల సంవత్సరాల క్రితమే గుర్తించి, మంచితనానికి వదలివేయకుండా నియమంగా పెట్టడం గొప్ప విషయం.

మౌనం అంటే పట్టించుకోకపోవడం కాదు

మన దేశంలో పదిరోజుల విపశ్యన శిబిరాలకు విస్తృత ప్రచారం కలిగించినవారు సత్యనారాయణ గోయెంకా గారు (1924–2013). బర్మాలో ఊ బా ఖిన్ గారి వద్ద అభ్యసించి, 1969లో భారతదేశానికి వచ్చి బోధన ప్రారంభించారు. మహారాష్ట్రలోని ఇగత్‌పురిలో ధమ్మగిరి, హైదరాబాదులో నాగార్జునసాగర్ రోడ్డున ధమ్మఖేత్త ఆ సంప్రదాయానికి చెందిన కేంద్రాలు. 1994లో తీహార్ జైలులో వెయ్యిమందికి పైగా ఖైదీలకు శిబిరం జరిగింది. సమాజం వెలివేసినవారికి కూడా సాధనలో చోటుందని చెప్పిన సంఘటన అది.

ఈ శిబిరాలలో ఒక గొప్ప సూత్రం ఉన్నది. భోజనానికీ, వసతికీ, బోధనకూ రుసుము లేదు. ముందు శిబిరం పూర్తి చేసినవారు ఇచ్చిన దానంతో, వారు చేసే ఉచిత సేవతో తరువాతివారు కూర్చుంటారు. తెల్లవారుజామున లేచి గంజో ఉప్మానో వండి పెట్టే మనిషి మరొకప్పుడు అదే హాలులో కూర్చున్న సాధకుడే. కూలి చేసుకొనే మనిషీ, అధికారీ ఒకే బంతిలో భోజనం చేస్తారు. భోజనాల బంతిలో కులాన్ని చూసిన దేశంలో ఇది చిన్న విషయం కాదు.

అయితే ఆర్యమౌనం అనే నియమాన్ని కొందరు సాధకులు తప్పుగా అర్థం చేసుకొంటారు. పక్కవానితో మాటాడకూడదు, సైగ చేయకూడదు, వానివైపు చూడకూడదు. అతడు ఏమైనా నా సాధన నాది అన్న భావం ఏర్పడుతుంది. నియమం చెప్పేది అది కాదు. ఇబ్బంది ఉంటే నిర్వాహకులతోనూ, ఆచార్యులతోనూ మాటాడవచ్చునని ఆ శిబిరాలలో మొదటి రోజునే చెప్తారు.

మజ్ఝిమనికాయంలో అనురుద్ధుడు, నందియుడు, కిమ్బిలుడు అనే ముగ్గురు భిక్షువులు ఒక వనంలో కలిసి ఉన్న కథ కలదు. పాలూ నీళ్ళూ కలిసినట్లు ఉన్నారని వారికి పేరు. భిక్షాటన నుంచి ముందు వచ్చినవాడు ఆసనాలు వేసి, నీళ్ళు సిద్ధం చేసేవాడు. చివర వచ్చినవాడు అన్నీ సర్ది, ఊడ్చేవాడు. కుండలో నీళ్ళు అయిపోయినట్లు ఎవరు చూస్తే వారు నింపేవారు. కుండ బరువై ఒక్కరికి లేవకపోతే చేతిసైగతో రెండవవానిని పిలిచి ఇద్దరూ కలిసి ఎత్తేవారు. అందుకోసం మౌనం వదిలేవారు కాదు. ఐదు రోజులకొకసారి రాత్రంతా కూర్చొని ధర్మం గురించి మాటాడుకొనేవారు. వారి మౌనంలో తోటివాని అవసరాన్ని గమనించే చూపు ఉన్నది. అవసరమైన మాటకు వేళ కూడా ఉన్నది. నేటి ధ్యాన సంఘాలకు కావలసినది ఈ రకపు మౌనమే.

వైద్యుని కంటికి కనిపించేవి

సంరక్షణ లోపిస్తే శరీరానికి ఏమి జరుగుతుందో చెప్పవలసిన బాధ్యత నాది.

మధుమేహ వ్యాధిగ్రస్థులు: పదిరోజుల శిబిరాలలో ఉదయం పదకొండు గంటలకు భోజనం పెడతారు. సాయంకాలం కొత్తవారికి పండ్లు, తేనీరు ఇస్తారు. పాత సాధకులు నిమ్మనీళ్ళతో సరిపెట్టుకొంటారు. మరునాడు ఉదయం ఆరున్నర వరకు, అనగా సుమారు పందొమ్మిది గంటలు, సరియైన ఆహారం ఉండదు. ఇన్సులిన్ తీసుకొనేవారికి, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు వేసుకొనేవారికి ఈ వ్యవధిలో రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చును. చెమటలు, వణుకు, గుండెదడ, తికమక, మగత దీని లక్షణాలు. కళ్ళు మూసుకొని కూర్చున్న మనిషికి మగత కలిగితే, పక్కవారు దానిని గాఢమైన ధ్యానం అనుకొనే అవకాశం ఉన్నది.

నా వద్ద చాలాకాలం చికిత్స పొందిన ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలి విషయంలో ఇదే జరిగింది. ఆమె ఒక శిబిరానికి వెళ్తూ, చెప్తే రానివ్వరేమోనని దరఖాస్తులో ఇన్సులిన్ మాట రాయలేదు. మూడవ రోజు సాయంకాలం హాలులో ఆమెకు చెమటలు పట్టాయి. చుట్టూ ఉన్న సాధకులు కళ్ళు తెరవలేదు. వంటశాలలో సేవ చేసే ఒక పల్లెటూరి స్త్రీ తలుపు వద్ద నుంచి చూసి, లోపలికి వచ్చి, చేయి పట్టుకొని బయటకు తీసుకువెళ్ళి పంచదార నీళ్ళు తాగించింది. ఆమె తల్లికి కూడా చక్కెర వ్యాధి ఉండేదట. ఆ సాయంకాలం హాలులో జాగరూకత ఎవరికి ఉన్నదని నన్ను అడిగితే, ఆ వంటమనిషికే అంటాను. (స్పృహలో ఉండి మింగగలిగినవారికే నోటి ద్వారా చక్కెర ఇవ్వాలి. స్పృహ తప్పినవారికి నోటిలో ఏమీ పోయకూడదు. వెంటనే ఆసుపత్రికి తరలించాలి.)

కీళ్ళూ, నాడులూ: మోకాలి కిందుగా వెలుపలి పక్కన, ఎముకను ఆనుకొని చర్మం కిందనే ఒక నాడి సాగుతుంది. గంటల తరబడి కాళ్ళు మడచి కూర్చుంటే దానిపై ఒత్తిడి పడి పాదం పైకెత్తే శక్తి తగ్గవచ్చును. చాలామందికి కొన్ని వారాలలో కోలుకొంటుంది, కాని అందరికీ అట్లా జరగదు. తిమ్మిరి తగ్గకపోయినా, పాదం జారుతున్నా పట్టుదలతో కూర్చొనడం వీరత్వం కాదు. కుర్చీలో కూర్చొని చేసే ధ్యానం తక్కువరకపు ధ్యానం కానేకాదు.

వృద్ధులు: రక్తపుపోటుకు మందులు వాడేవారు గంటసేపు కూర్చొని ఒక్కసారిగా లేస్తే పోటు పడిపోయి తూలుతారు. తెల్లవారుజామున నాలుగు గంటల చీకటిలో, తడి మెట్ల మీద, అలవాటు లేని నేలబారు మరుగుదొడ్డిలో తూలితే తుంటి ఎముక విరుగుతుంది. ఒక దీపం, గోడకు ఒక పట్టుకడ్డీ, కుర్చీ మరుగుదొడ్డి ఎందరికో శస్త్రచికిత్సను తప్పిస్తాయి.

మూర్ఛవ్యాధి: నిద్ర తగ్గితే మూర్ఛలు తిరగబెట్టవచ్చును. మందుల వేళ తప్పకూడదు.

మనోవ్యాధులు: అన్నిటికంటె ఎక్కువ మరుగున పడేది ఇదే. ధ్యానం వలన కలిగే అవాంఛనీయ ఫలితాలపై 83 అధ్యయనాలను పరిశీలించిన ఒక సమీక్ష 2020లో ప్రచురింపబడింది. ధ్యానం చేసినవారిలో సుమారు 8 శాతం మందికి అటువంటి ఫలితాలు కలిగినట్లు అందులో తేలింది. ఆందోళన, దిగులు వాటిలో ముఖ్యమైనవి. ఏ చికిత్సకైనా దుష్ఫలితాలు ఉన్నట్లే దీనికీ ఉన్నాయి. భయపడి మానివేయవలసినంత పెద్ద సంఖ్య కాదు, లేవని కొట్టివేయదగినంత చిన్నదీ కాదు. పాత భీతావహ అనుభవాలున్నవారికి, ఉన్మాదం ఒకసారి వచ్చి తగ్గినవారికి దీర్ఘమైన మౌనశిబిరాలు ప్రత్యేక జాగ్రత్తను కోరుతాయి. లిథియం వంటి మందులను వైద్యుని సలహా లేకుండా ఆపివేస్తే వ్యాధి తీవ్రంగా తిరగబెడుతుంది. ధ్యానం వచ్చింది గదా, మందెందుకని మానుకొన్నవారిని, మానమని స్నేహితులే ప్రోత్సహించినవారిని నా వృత్తిలో చూశాను.

ఊ బా ఖిన్ గారి వద్దకు గోయెంకా గారు తొలుత తీవ్రమైన తలనొప్పి బాధతోనే వెళ్ళారు. తలనొప్పి నివారణకోసమైతే నేర్పనని ఆ గురువు చెప్పడం ఆ సంప్రదాయంలో అందరికీ తెలిసినదే. ధ్యానాన్ని మందుకు బదులుగా వాడరాదని చెప్పడానికి ఇంతకంటె మంచి సాక్ష్యం అవసరం లేదు.

శిబిరం ఆసుపత్రి కాదు గదా?

నిర్వాహకులు ఈ ప్రశ్న అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్న. సేవకులు స్వచ్ఛందంగా వచ్చినవారు. వైద్యశిక్షణ లేనివారు. ఒక్కరి కోసం నియమాలు సడలిస్తే నూరుమంది సాధన చెడుతుందనే వాదన కూడా ఉన్నది.

ఈ సమస్య కొత్తది కాదు. మగధలో కుష్ఠు, వ్రణాలు, చర్మరోగం, క్షయ, అపస్మారం అనే ఐదు వ్యాధులు ప్రబలినప్పుడు, జీవకుని చికిత్స కోసమే కొందరు భిక్షువులయ్యారు. రోగుల సేవతో భిక్షువులు అలసిపోయారు. జీవకునికి తీరిక లేకపోయింది. నయం కాగానే ఒకడు చీవరాలు విడిచి వెళ్ళిపోయాడు. జీవకుని విన్నపం మీద, ఆ ఐదు వ్యాధులున్నవారికి ప్రవ్రజ్య ఇవ్వరాదని బుద్ధుడు నియమించాడు. రోగిని స్వయంగా కడిగిన బుద్ధుడే ఈ నియమమూ పెట్టాడు.

ఈ రెండు ఘట్టాలనూ కలిపి చదివితే నాకు తోచేది ఇది. లోపలికి వచ్చినవానిని వదలరాదు. మోయలేని బాధ్యతను ముందే ఒప్పుకొనరాదు. హద్దు ఉండవచ్చును. అయితే ఆ హద్దును గుమ్మం వద్దనే మర్యాదగా, కారణంతో చెప్పాలి. పదిరోజుల శిబిరానికి తగని మనిషికి మరొక దారి చూపాలి: వారానికొక గంట సామూహిక ధ్యానం, ఒకరోజు శిబిరం, పడుకొని చేసే ఆనాపానం, లేదా కేవలం తోటలోనో వంటశాలలోనో సేవ. ‘మీరు వద్దు’ అనడానికీ, ‘ఇది ఇప్పుడు మీకు వద్దు, ఇంకొకటి ఉన్నది’ అనడానికీ చాలా దూరమున్నది. మొదటి మాట విన్నవారు రెండవసారి దరఖాస్తులో నిజం రాయరు. దాపరికమే శిబిరాలలో అతి పెద్ద ప్రమాదం. దాపరికాన్ని పుట్టించేది తిరస్కారభయం.

నియమాలు సడలుతాయన్న వాదనకు వియత్నాం గురువు తిక్ నాట్ హాన్ గారి చివరి సంవత్సరాలు సమాధానం చెప్తాయి. ఆయన 1982లో ఫ్రాన్స్‌లో ప్లమ్ విలేజ్ అనే ఆశ్రమాన్ని స్థాపించారు. 2014 నవంబరులో మెదడులో రక్తస్రావం జరిగి మాట పోయింది. కుడి పక్క చచ్చుబడింది. 2018లో వియత్నాంలోని హ్యూ నగరంలో తాను దీక్ష తీసుకొన్న ఆలయానికి తిరిగి వెళ్ళి, 2022 జనవరిలో తొంబది ఐదవ ఏట మరణించారు. ఏడు సంవత్సరాలకు పైగా ఆయన శిష్యులు ఆయనకు సేవ చేశారు. చక్రాల కుర్చీలో ఆలయ ప్రాంగణమంతా తిప్పారు. బోధించలేని గురువును మూల గదిలో ఉంచలేదు. ఆ సేవ వలన వారి సాధన చెడిందని ఎవరూ అనలేదు. అదే సంఘంలో ‘మళ్ళీ మొదలుపెట్టడం’ అనే అభ్యాసం ఒకటున్నది: ఎదుటివారిలో మంచిని చెప్పడం, తన పొరపాటును ఒప్పుకొనడం, తనకు కలిగిన నొప్పిని చెప్పడం, కావలసిన సాయం అడగడం. ధ్యానం చేసినంత మాత్రాన మనస్పర్ధలు మాయం కావని తెలిసినవారు చేసుకొన్న ఏర్పాటు అది.

లోపలికి రాలేకపోయినవారు

సంఘంలోని రోగులను గురించి చెప్పాను. గుమ్మం వరకు రాలేకపోయినవారి మాట కూడా చెప్పాలి. శాక్య రాకుమారులు దీక్షకు వచ్చినప్పుడు తమకంటె ముందు క్షురకుడైన ఉపాలికి ఇవ్వమని కోరారు. అతడు పెద్దవాడైతే తాము అతనికి నమస్కరించవలసి వస్తుందని, తమ గర్వం తగ్గుతుందని వారి ఉద్దేశం. వాడిన పూలు, చెత్త ఊడ్చే సునీతుడు కూడా ఆ సంఘంలో స్థవిరుడయ్యాడు. 1956 అక్టోబరు 14న నాగపూరులో డాక్టర్ అంబేద్కర్ బౌద్ధాన్ని స్వీకరించినది కూడా సమానత్వం కోసమే.

నేడు గుమ్మానికి అడ్డుపడేది పుట్టుక ఒక్కటే కాదు. రోజుకూలీకి పది రోజుల సెలవు లేదు. మంచంలో ఉన్న అత్తగారికి అన్నం పెట్టే కోడలికి పదిరోజులు కాదు, పది గంటల విడుదల కూడా దొరకదు. ధ్యానం ఎవరికి ఎక్కువ అవసరమో వారికే అది అందడం లేదు. ఒక ఊరిలో ఇరవై మంది పాత సాధకులు ఉన్నారనుకొందాం. వారు వంతులు వేసుకొని ఆమె అత్తగారిని పదిరోజులు చూసుకొంటే ఆమె కూర్చోగలుగుతుంది. ఇది దానం కాదా? నా దృష్టిలో హాలుకు పాలరాయి వేయించడం కంటె ఇది మేలైన దానం.

ఆచరించదగినవి

నిర్వాహకులు: దరఖాస్తులో వ్యాధుల ప్రశ్నల పైన, నిజం చెప్తే వీలైన ఏర్పాటు చేస్తామని ఒక వాక్యం రాయాలి. మందులు, ఇన్సులిన్, రాత్రి ఆహారం అవసరమైనవారికి మినహాయింపును అడగక ముందే ఇవ్వాలి. గ్లూకోమీటరు, రక్తపుపోటు కొలిచే సాధనం, దగ్గరి ఆసుపత్రి ఫోను నంబరు అందుబాటులో ఉంచాలి. సేవకులకు చక్కెర పడిపోవడం, గుండెపోటు, పక్షవాతం, మూర్ఛ, తీవ్రమైన ఆందోళన లక్షణాలను ఒక పూటలో నేర్పవచ్చును. శిబిరం ముగిసిన వారం తరువాత ఒక్కసారి ఫోను చేసి ఎట్లా ఉన్నారని అడగాలి.

సాధకులు: వ్యాధిని, మందులను దాచవద్దు. మంచి రోగి లక్షణాలలో ఉన్నదున్నట్లు చెప్పడం ఒకటని మరువవద్దు. వెళ్ళే ముందు మీ వైద్యుని కలిసి భోజనవేళలకు తగినట్లు మందుల మోతాదు మార్పించుకోండి. మందులను సొంతంగా ఆపవద్దు. పక్కన కూర్చున్న మనిషి రెండు పూటలు భోజనానికి రాకపోతే సేవకునికి చెప్పండి, మౌనభంగమేమీ కాదు.

వైద్యులు: ధ్యానానికి వెళ్తామన్న రోగిని చూసి నవ్వవద్దు. ఎక్కడికి, ఎన్ని రోజులు, భోజనం ఎప్పుడు అని అడగండి.

కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుని శిలాశాసనాలు ఉన్నాయి. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశాననీ, ఓషధులు లేనిచోటికి తెప్పించి నాటించాననీ చెప్పే రెండవ శాసనం కూడా అక్కడి బండల మీద చెక్కబడి ఉన్నది. బౌద్ధం మన నేలకు వచ్చిన తొలిరోజులలోనే రోగి మాట కూడా వచ్చింది. తొట్లకొండ, నాగార్జునకొండ విహారాలలో ఇప్పుడు మిగిలినవి ఇటుకలే. మన ఊళ్ళలో సంఘాలు మళ్ళీ ఏర్పడుతున్నాయి. మీ ఊరి ధ్యానమందిరానికి ఈ ఆదివారం వెళ్ళినప్పుడు, ఇదివరకు క్రమం తప్పక వస్తూ ఇప్పుడు రావడం మానివేసిన మనిషి పేరు ఒకటి గుర్తుచేసుకోండి. ధ్యానం ముగిసిన తరువాత వారి ఇంటికి వెళ్ళి తలుపు తట్టండి.